ఒకటో నంబరు సంతకం

బుధవారీ బజారు టీ కొట్టు దగ్గర కొత్త మనిషి ఎవరైనా నా పక్కన కూర్చుంటే, అతని గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఆ పెద్ద సమ్మె కథ చెప్పేస్తాను. నాకప్పుడు పాతికేళ్ళు. దేశమంతా రైళ్ళు ఆగిన రోజులు. మా బిలాస్‌పూర్ యార్డులోంచి ఒక గూడ్సు బండిని పోలీసు కాపలాతో తీయబోయారు. నేను చొక్కా విప్పి ఇంజను ముందు పట్టాల మీద పడుకున్నాను. డ్రైవరు హారను కొట్టాడు, నేను లేవలేదు. మళ్ళీ కొట్టాడు, నేను బీడీ వెలిగించాను. బీడీ దగ్గరికి వచ్చేసరికి కొత్త మనిషి నా చెయ్యి పట్టుకుంటాడు. ఆ పూట నా టీ నేను కొనుక్కోనక్కర్లేదు.

ఇందులో హారను ఒక్కటే నిజం. అదైనా నేను విన్నది పక్కూరు బిల్హాలో, తెలిసినవాళ్ళ ధాన్యం కొట్టు వెనకాల నక్కి కూర్చుని. పోలీసులు క్వార్టర్ల తలుపులు కొడుతున్నారని తెలిసిన గంటలోనే సైకిలెక్కి అక్కడికి పారిపోయాను. పట్టాల మీద పడుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు. వాళ్ళలో కొందరి ఉద్యోగాలు పోయాయి. నాది ఎక్కడికీ పోలేదు. చివరిదాకా చేసి, మెడలో దండ వేయించుకుని, గడియారం బహుమతి పుచ్చుకుని రిటైరయ్యాను.

ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, నా కోతల మూలంగానే రెండేళ్ళ కిందట ఒక మనిషి పని పోయింది. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. సగంలో మళ్ళీ కోతలకి దిగుతానేమోనని భయం. దిగితే నేనే చెప్తాను.

పని పోయిన ఆమె తండ్రీ నేనూ ఒకే షెడ్డులో పనిచేశాం. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తాతకి రైల్వే ఉద్యోగం, తండ్రికి రైల్వే ఉద్యోగం, ఆమెకి మాత్రం రైళ్ళు కడిగే ఉద్యోగం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. బండి ప్రయాణం ముగించి వాషింగ్ లైనులోకి వస్తే బోగీలు లోపలా బయటా కడిగే పని కాంట్రాక్టరుది. ఆమె కాంట్రాక్టరు మనిషి. పదకొండేళ్ళుగా బోగీ మరుగుదొడ్లు కడుగుతోంది. ఈ పదకొండేళ్ళలో కంపెనీ నాలుగుసార్లు మారింది. మారినప్పుడల్లా ఒంటి మీది చొక్కా రంగు మారేది. మనుషులు వాళ్ళే, చీపుళ్ళు అవే, సూపర్‌వైజరు కూడా అతనే. భర్త సర్కండాలో ఆటో నడుపుతాడు, నడిపిన రోజు నడుపుతాడు. ఆ ఇంట్లో తెల్లారితే నికరంగా డ్యూటీకి పోయే మనిషి ఆమె ఒక్కతే. మెడలో వేలాడే గేటు పాసే ఆ ఇంటికి ఆధారం.

నన్ను బాబాయ్ అంటుంది. నేనూ ఆమె తండ్రీ అన్నదమ్ములం కాము సరికదా, సీనియారిటీ లిస్టులో పక్క పక్క నంబర్లం కావడం వల్ల పదేళ్ళు మాట్లాడుకోలేదు కూడా. అయినా బాబాయ్‌నే.

టీ కొట్టు దగ్గర మా రిటైర్డు బృందానికి ఆ రోజుల్లో కార్మిక చట్టాల గొడవ పట్టుకుంది. కొత్త చట్టాలు వచ్చాయని కొందరు, ఇంకా అమలు కాలేదని కొందరు, వచ్చినా రాకపోయినా ఒకటేనని మరికొందరు. రిటైర్డు గార్డు ఒకాయన ఉన్నాడు, విజయనగరం మనిషి, నా కంటే ఏడాది పెద్ద. ఆయన రోజూ ఒకే వాక్యంతో మొదలెట్టేవాడు.

“యూనియన్లని సంపీసింది గవర్నమెంటు కాదురా. మనవే. లీడర్లకి ఏసీ ఆఫీసులిచ్చి మనవే సంపీసినాం.”

“కాంట్రాక్టరు మాటేటి మరి? ఆడు సాధువా?” అనేవాడు ఇంకొకడు.

“ఆడు దొంగని ఆడికీ తెలుసు, మనకీ తెలుసు. దొంగతో పేచీ ఏటుంది? ఆడింట్లో పెళ్ళికి యూనియనోడు ముందు వరసలో కూకున్నాడు సూడు, ఆడితో నాకు పేచీ.”

“నువ్వెల్లలేదేటి ఆ పెళ్ళికి?”

“ఎల్నాను. ఎనక వరసలో కూకున్నాను.”

ఇలా సాగేది. ఎవరి టీ వాళ్ళు తాగి, ఎవరి పింఛను గురించి వాళ్ళు చెప్పుకుని ఇళ్ళకి పోయేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున స్థానిక హిందీ ఛానల్ వాళ్ళు బజారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, కార్మికుల హక్కుల మీద బహిరంగ చర్చ పెట్టారు. ఛానలంటే పెద్దదేం కాదు, ఫోన్లలో వచ్చేది. ఒక కుర్చీలో యూనియన్ నాయకుడు, ఒక కుర్చీలో బోగీలు కడిగించే కంపెనీ మేనేజరు. మూడో కుర్చీకి మనిషి కావాలని టీ కొట్టువాణ్ణి అడిగితే, వాడు నన్ను చూపించాడు. పట్టాల మీద పడుకున్న మనిషి అని చెప్పాడు. నేను కాదనలేదు. నా పేరు ముందు ‘సీనియర్ కార్మిక నాయకుడు’ అని హిందీలో రాసిన కాగితం ముక్క నా ముందు పెట్టారు.

ఆ రోజు నేను అరగంట మాట్లాడాను. బజారంతా నిశ్శబ్దమైపోయింది. కూరగాయలు బేరమాడుతున్న ఆడవాళ్ళు సంచులు కింద పెట్టి విన్నారు.

చెప్పాను కదా, నేనే చెప్తానని. రెండు నిమిషాలు మాట్లాడాను. అందులో ఒక నిమిషం దగ్గు. కానీ చేతి తొడుగుల సంగతి మాత్రం అడిగాను. అది నిజం. మరుగుదొడ్లు కడిగే మందు యాసిడ్‌తో సమానం. దానికి రబ్బరు తొడుగులు ఇవ్వాలి. రిజిస్టరులో నెల నెలా ఇస్తున్నట్టే ఉంది, ప్రతి పేరుకీ ఎదురుగా సంతకం ఉంది. తొడుగులు మాత్రం ఎవరూ చూడలేదు. సంతకం పెట్టకపోతే మర్నాడు గేటు దగ్గర పాసు ఇవ్వరు. అందుకని పెడతారు. పెట్టి, పాల ప్యాకెట్లు చేతులకి తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని కడుగుతారు.

మేనేజరు మంచి మాటకారి. కోపం తెచ్చుకోలేదు. చిరునవ్వుతో, “పెద్దాయన మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ మా దగ్గర ఒక్క కార్మికుడు కూడా రాసి ఇవ్వలేదు. ఒక్క కాగితం చూపించండి. ఏడు రోజుల్లో చర్య తీసుకోకపోతే అప్పుడు అడగండి” అన్నాడు, చక్కటి హిందీలో.

నేను లేచి నిలబడ్డాను. “కాగితం నేను తెస్తాను” అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఇది కోత కాదు. వీడియోలో ఉంది, ఇప్పటికీ చూడొచ్చు. నేను చాలాసార్లు చూశాను.

మర్నాడు డ్యూటీ దిగి ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. ఫోన్‌లో చూసిందట.

“ఏటి బాబాయ్, నిజంగా రాస్తావా, టీవీ కోసం అనీసినావా?”

“నేనంటే ఏమిటనుకున్నావే? నేను రాసిన అర్జీలకి పెద్ద పెద్ద ఆఫీసర్లకి చెమటలు పట్టాయి.”

లోపల్నుంచి మా ఆవిడ అంది: “చెమటలు పట్టింది అర్జీలకి కాదు, ఫ్యాన్లు లేక.”

ఆమె నవ్వి, రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి, గోళ్ళ చుట్టూ ఊడి వచ్చింది. అరచేతిలో గీతలు లేవు. చేతులు చూసి జాతకం చెప్పేవాడు కూడా ఆమెని పంపించేస్తాడు.

“అన్నం కలుపుకుంటే మండిపోద్ది బాబాయ్. కారం కూర అసలే తగలనివ్వను. సెంచాతో తింటంటే మా ఆయన ‘మేమ్‌సాబ్’ అని ఎక్కిరిస్తాడు.”

మా ఆవిడ కొబ్బరినూనె సీసా తెచ్చి ఆమె చేతిలో పోసింది. పోస్తూ నాతో, “ఆ పిల్లకి లేనిపోని ఆశలు పెట్టకండి. దాని బతుకేదో అది బతుకుతోంది” అంది. నేను ఆడవాళ్ళకి ఉద్యమం గురించి ఏం తెలుసన్నాను.

నేను యూనియన్ బ్రాంచి సెక్రటరీగా చేశానని ఆమెకి చెప్పి ఉన్నాను. సెక్రటరీని కాను. సెక్రటరీ చెప్తే రాసిపెట్టేవాణ్ణి. నా చేతిరాత బాగుంటుంది. నోటీసులు, అర్జీలు, మీటింగు బ్యానర్లు నాచేత రాయించేవారు. రాత అయ్యాక కుర్చీలు కూడా వేయించేవారు. అంతే నా ఉద్యమం. కానీ అర్జీ ఎలా ఉండాలో నాకు క్షుణ్ణంగా తెలుసు. అందులో ముఖ్యమైనది సంతకాల వరస.

బయటివాళ్ళకి ఇది చెప్పినా అర్థం కాదు. మా షెడ్డులో సీనియారిటీ లిస్టు బోర్డుకి అంటించిన రోజు పని సాగేది కాదు. కళ్ళజోడు లేనివాడు ఉన్నవాడి కళ్ళజోడు అడిగి తీసుకుని మరీ తన నంబరు వెతుక్కునేవాడు. క్వార్టరు రావాలన్నా, ప్రమోషన్ రావాలన్నా, నచ్చిన షిఫ్టు దొరకాలన్నా ఆ నంబరే. పెళ్ళి భోజనాల్లో కూడా మావాళ్ళు తెలియకుండానే ఆ వరసలో కూర్చునేవారు. యూనియన్ అర్జీ అంటే అందరికంటే పాతవాడు ఒకటో నంబరు, ఆ తర్వాతి వాడు రెండు, అలా కిందికి. పాతవాడి సంతకం పైన ఉంటే అర్జీకి బరువు. పర్మనెంటు మనిషిని, అందులోనూ సీనియర్‌ని కదిలించడానికి ఎవరూ సాహసించరు. పైన ఉన్నవాడి నీడలో కింద ఉన్నవాళ్ళు నిలబడేవారు. నేను నా జీవితమంతా అర్జీలు అలాగే రాశాను. వేరే రకంగా రాయవచ్చని నాకు తోచను కూడా లేదు.

ఆ తర్వాతి ఆదివారం మా వరండాలో ఇరవై ముగ్గురు చేరారు. సగం మంది తెలుగువాళ్ళు, సగం ఛత్తీస్‌గఢీలు. మా ఆవిడ సణుగుతూనే అందరికీ టీ పెట్టింది. అర్జీ హిందీలో రాసి, పెద్దగా చదివి వినిపించాను. తొడుగులు, బూట్లు, వారానికో సెలవు. మూడే మూడు కోరికలు. చదివాక ఎవరో “వాహ్” అన్నారు కూడా.

సంతకాల దగ్గరికి వచ్చేసరికి, బెల్తరా నుంచి రోజూ బస్సులో వచ్చే ముసలామె ఒకామె ముందుకు వచ్చి, “ఎవరికి ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టేస్తాం బబా” అంది తన భాషలో. తాతా అనే మాటకి వాళ్ళు బబా అంటారు.

“ఇదేమన్నా రేషన్ క్యూ అనుకున్నారా? అర్జీకి ఒక పద్ధతుంటుంది. ఎవరు ముందు చేరారో చెప్పండి” అన్నాను.

అరగంట పట్టింది. ఎవరు ఏ చొక్కా రంగు కాలంలో చేరారో గుర్తు చేసుకుంటూ, “నువ్వు నీలం చొక్కాలో వచ్చావు”, “కాదు, నేను నారింజలో” అని వాదించుకున్నారు. వాళ్ళకి అదొక ఆటలా ఉంది. పదకొండేళ్ళలో వాళ్ళని ఎవరూ వరసగా నిలబెట్టి, నువ్వు ఫలానా అంతటిదానివి అని చెప్పలేదు. నేను స్కేలు పెట్టి గీతలు గీసి, అంకెలు వేశాను. ఒకటో నంబరు నన్ను బాబాయ్ అనే అమ్మాయికి వచ్చింది. అమ్మాయంటే నలభై మూడేళ్ళు.

ఆమె కలం పట్టుకుని ఆ అంకె మీద వేలు పెట్టింది.

“ఓలమ్మ! నాను ఒకటో నెంబరా బాబాయ్?”

“మరి? అందరికంటే సీనియర్‌వి నువ్వేగా.”

“బళ్ళో కూడా నానెప్పుడూ ఆకరునే.” పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, “సూడండే, ఇంకనించి నాకు దండాలు పెట్టాల మీరు” అంది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం మొహం బిగించింది. మండే వేళ్ళతో కలం గట్టిగా పట్టుకోలేక నెమ్మదిగా, ఒక్కో అక్షరమే రాసింది.

రెండో నంబరు బెల్తరా ముసలామెది.

మేనేజరు ఆఫీసుకి మా అమ్మాయి, నేను, ఇంకో ఇద్దరూ కలిసి వెళ్ళి ఇచ్చాం. ఆయన లేచి నిలబడి నాకు కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. కాగితం చేతిలోకి తీసుకుని, “ఇంత చక్కటి రాత ఈ రోజుల్లో ఎవరికుంది?” అన్నాడు. అందినట్టు ముద్ర వేసి కాపీ ఇచ్చాడు. తిరిగి వస్తూ నేను మిగతావాళ్ళతో, “చూశారా, రాతకి ఎంత విలువుందో” అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ మాట నా నోట్లోకే తిరిగొచ్చి చేదుగా తగులుతుంది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె డ్యూటీ వేళకి మా గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా ఉంది. మెడలో పాసు లేదు.

“తీసీసుకున్నాడు బాబాయ్.”

గేటు దగ్గర సూపర్‌వైజరు నా అర్జీ జిరాక్సు కాపీ అట్ట మీద పెట్టుకుని నిలబడ్డాడట. ఎర్ర కలంతో ఆరో నంబరు కింద గీత కొట్టి ఉందట. కంపెనీ ఆరుగురిని తగ్గించుకోవాలనుకుంటోంది, ఒకటి నుంచి ఆరు దాకా పాసులు ఇచ్చెయ్యండి అన్నాడు.

“మమ్మల్నే ఎందుకు తీస్తన్నావని అడిగినాను బాబాయ్. ‘వరస నేను పెట్టానా? మీరే పెట్టుకుని ఇచ్చారు. పైనించి మొదలెట్టాను’ అన్నాడు. మిగిలినోల్లందరూ నేల సూపులు సూసుకుంటా లోపలికెల్లిపోనారు.”

“నువ్వేమన్నావు?”

“నానేటంటాను? నీ పేరు సెప్పినాను. నవ్వినాడు.”

ఎవరు అందరికంటే పాతవాళ్ళో, ఎవరి మాట మిగతావాళ్ళు వింటారో, ఎవరిని తీసేస్తే మిగిలిన పదిహేడు మందీ నోరెత్తరో, అంకెలు వేసి, గీతలు గీసి, నా చేత్తో నేనే ఇచ్చాను. సూపర్‌వైజరుకి ఆ లెక్క తేలాలంటే నెల రోజులు పట్టేది. పర్మనెంటు మనిషిని కాపాడే వరస కాంట్రాక్టు మనిషిని పట్టిస్తుందన్న సంగతి, మీటింగుల్లో కుర్చీలు వేసినవాడికి తెలియలేదు. బెల్తరా బస్సులో వచ్చే మనిషికి తెలిసింది.

యూనియన్ నాయకుడి దగ్గరికి వెళ్ళాను. చర్చలో నా పక్క కుర్చీలో కూర్చున్నాయనే. “వాళ్ళు మా మెంబర్లు కారు పెద్దాయనా. నేనేం చెయ్యగలను? మీరు ఒక్క మాట నాతో చెప్పి రాయాల్సింది” అన్నాడు. మేనేజరు దగ్గరికి వెళ్తే ఈసారి కుర్చీ వేశాడు గానీ టీ రాలేదు. “మనుషుల్ని తగ్గించుకోవడం కంపెనీ ఇష్టం. అర్జీకీ దీనికీ సంబంధం లేదు. తొడుగుల మీద విచారణ జరుగుతోంది” అన్నాడు. నేను బల్ల గుద్ది లేచాను అని టీ కొట్టు దగ్గర చెప్పాను. బల్ల గుద్దలేదు. నమస్కారం పెట్టి లేచాను.

టీ కొట్టు దగ్గర రెండు రోజులు దీని మీదే చర్చ. రిటైర్డు గార్డు మాత్రం నా వైపు చూడకుండా, “నెంబర్లెందుకేసినావురా?” అని ఒక్క మాట అన్నాడు. మూడో రోజు క్రికెట్ మొదలైంది.

ఆమె బిల్హాలో ఒక బియ్యం మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరింది. లోకల్‌లో వెళ్ళి వచ్చేది. పని ఉన్న రోజు ఉండేది, లేని రోజు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేది. రెండు నెలలు అలా గడిచాయి. ఆ తర్వాత ఓ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. తిట్టడానికేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

“బాబాయ్, ఒక కాయితం రాసిపెట్టాల.”

“ఎవరికి?”

“సూపర్‌వైజరుకే. మాపీ రాసిస్తే సూస్తానన్నాడు. నాను తప్పు సేసినాను, నన్ను ఒకలు తప్పుదోవ పట్టించినారు, ఇంకెప్పుడూ సెయ్యను అని రాయాలంట.”

“తప్పుదోవ పట్టించింది ఎవరని రాయను?”

ఆమె నా వైపు చూసింది. కళ్ళలో కోపం లేదు, కొంచెం సిగ్గు ఉంది, నా తరఫున పడుతున్న సిగ్గు. “నీకు తెల్దేటి?”

లోపల మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

కాగితం తీశాను. రాయడం మొదలెట్టాను. నా గురించి రావాల్సిన చోట ‘ఒక అనుభవజ్ఞుడైన కార్మిక నాయకుడి ప్రోద్బలంతో’ అని రాసి చదివి వినిపించాను. అక్కడ కూడా నేను ఊరుకోలేకపోయాను.

“అది కొట్టీ బాబాయ్. లీడరని రాస్తే ఆడికి మళ్ళీ కోపం. ముసలోడొకడు సెప్పినాడని రాయి.”

ముసలివాడొకడు అని రాశాను. ఆమె సంతకం పెట్టి, కాగితం నా వైపు తిప్పింది.

“కింద నువ్వూ పెట్టు. నిజవే అని. అలగైతే నమ్ముతాడు.”

ఇక్కడ ఇంకోటి ఒప్పుకోవాలి. ఆ ఇరవై ముగ్గురి అర్జీలో నా సంతకం లేదు. రాసిన చెయ్యి నాది, సంతకం లేదు. కార్మికుల అర్జీలో బయటివాడి సంతకం ఉండకూడదని చెప్పాను వాళ్ళకి. అది నియమమే. కానీ అసలు కారణం నా పింఛను. దానికేం కాదని నాకు తెలుసు. అయినా భయం. బిల్హా ధాన్యం కొట్టు వెనక కూర్చున్న కుర్రాడే ఇప్పటికీ లోపల కూర్చుని ఉన్నాడు.

ఆ క్షమాపణ కాగితం మీద మాత్రం పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. కాగితం నచ్చిందట. రాత మరీ నచ్చిందట. అయితే ఇంకో కాగితం కావాలన్నారు. తొడుగులు, బూట్లు నెల నెలా సక్రమంగా అందుతున్నాయి, ముందు ఇచ్చిన అర్జీలోవి అపోహలు అని, మొత్తం పనివాళ్ళ తరఫున, అదే చేతిరాతతో. అది తెస్తే పాసు ఇస్తానన్నాడట సూపర్‌వైజరు.

“రాయనని చెప్పు” అన్నాను.

ఆమె కూర్చుంది. మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది, తాగింది. గ్లాసు కింద పెట్టి, “నీ ఇష్టం బాబాయ్. మిల్లు సీజనయిపోనాది. రేపట్నించీ రావొద్దన్నారు” అంది. ఒత్తిడి పెట్టే గొంతు కాదు. ఉన్న సంగతి చెప్తున్న గొంతు.

నేను కలం విసిరికొట్టి, కాగితం ముక్కలు ముక్కలుగా చించేశానని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. రాశాను. స్కేలు పెట్టి గీతలు గీసి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. లోపల ఉన్న పదిహేడు మందీ సంతకాలు పెట్టారు. ఆమెకి పాసు వచ్చింది, కొత్తగా చేరిన మనిషిగా. ఆ రోజు పొద్దున మా గేటు ముందు నుంచి వెళ్తూ పాసు పైకెత్తి చూపించింది. నేను చెయ్యి ఊపాను. మా ఆవిడ తలుపు వేసేసింది.

నెల తిరక్కుండా అదే ఛానల్ వాళ్ళు మళ్ళీ చర్చ పెట్టారు. నన్ను పిలవలేదు. మేనేజరు నా రెండో కాగితం కెమెరాకి దగ్గరగా పట్టుకున్నాడు. యూనియన్ నాయకుడు అది చదివి, అయితే సమస్య పరిష్కారమైనట్టే అన్నాడు. కింద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. దాదాపు నాకు కొట్టినంత గట్టిగానే.

మిగిలిన ఐదుగురూ కబురు విని వచ్చారు. మాకూ మాఫీ కాగితాలు రాసిపెట్టమన్నారు. ఐదు రాశాను. ఐదింటి కిందా నా సంతకం పెట్టాను. సూపర్‌వైజరు ఐదూ వెనక్కి పంపించేశాడు. ఒక్కటి చాలు, ఇక అవసరం లేదన్నాడట. నలుగురు తిరిగొచ్చి తమ కాగితాలు నా బల్ల మీదే వదిలేసి పోయారు.

బెల్తరా ముసలామె మాత్రం తనది చేత్తో పట్టుకుని వరండాలో కూర్చుంది. ఇందులో ఏం రాశావో చదవమంది. చదివాను. చివరిదాకా విని, “నేను తప్పు చేశానని ఉందా బబా?” అని అడిగింది.

“ఉంది.”

“ఏం తప్పు?”

“సంతకం పెట్టడం.”

“నాకు సంతకం రాదు. వేలిముద్ర వేశాను” అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. బస్సు వేళయిందని మెట్లు దిగి వెళ్ళిపోయింది.